రానున్న ఫోను: రాకమునుపే ఎరుగదగిన కొరతలు

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దలు తొందరపాటువారిని ఎగతాళి చేసినారు. నేటికాలమున సోమలింగము పుట్టకమునుపే అతని పొడవు, బరువు, కంటిచూపు, ఒకపూట భోజనముతో ఎన్ని గంటలు మేలుకొని యుండగలడను లెక్క, అన్నియు అచ్చొత్తి పంచిపెట్టుచున్నారు. నేను చెప్పబోవునది స్మార్ట్ ఫోనును గురించి. ఒక సంస్థ కొత్త ఫోనును ప్రకటించును. అది అంగడికి వచ్చుటకు కొన్ని వారములో, కొన్ని నెలలో పట్టును. ఆ నడిమికాలమున దానిని చేతపట్టి చూచినవారు బహు కొద్దిమంది. అయినను దానిలో ఏది లేదు, ఏది చాలదు అను చర్చ మాత్రము ముమ్మరముగా సాగును. సోమాజిగూడ నుండి పంజగుట్ట మీదుగా అమీర్‌పేట దాక నడచిపోవువారికి ఈ చర్చ చెవిని పడక మానదు.

ఇది పనిలేనివారి కబుర్లని తీసివేయుటకు వీలులేదు. అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టుప్రక్కల కంప్యూటరు కోర్సులు నేర్చుకొనుటకు ఉభయ తెలుగు రాష్ట్రముల జిల్లాలనుండి వచ్చి హాస్టళ్లలో నివసించు యువతీయువకులు వేలమంది ఉన్నారు. వారికి ఫోను పాఠ్యపుస్తకము, బ్యాంకు, బస్సు టిక్కెట్టు, ఇంటికి వ్రాయు ఉత్తరము, ఉద్యోగమునకు వచ్చు పిలుపు. 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో బడిపిల్లలకు పాఠములు టి-శాట్ ద్వారాను, దూరదర్శన్ యాదగిరి ద్వారాను మొదలైనప్పుడు, టెలివిజన్ లేని ఇంట తండ్రి ఫోనే బడి అయినది. ఇట్టివారు ఫోను కొనుట చాలసార్లు వాయిదాల మీదనే. కలవారికి కొరతగల ఫోను ఒక విసుగు. మరుసటి యేడు మార్చివేయుదురు. వాయిదాలపై కొన్నవానికి అది రెండేండ్ల కాపురము. కనుక అంగట్లోకి రాకమునుపే కొరతలను ఊహించుటలో ఒక అవసరమున్నది. ఆ ఊహ ఏ మాత్రము నమ్మదగినదను ప్రశ్నకు సమాధానము వెదకవలెను.

తర్కశాస్త్రము చదివినవారికి పొగ, నిప్పు అను ఉదాహరణము తెలియును. కొండపై పొగను చూచి నిప్పున్నదని నిశ్చయించుట అనుమాన ప్రమాణము. పొగయే లేకుండ నిప్పున్నదనుట వదంతి. ఫోను విషయమున పొగ ఏదనగా, సంస్థ స్వయముగా ప్రకటించు వివరపట్టిక. అందలి ప్రతి అంకెయు ఒక పొగచాయ. దానినుండి నిప్పును ఊహించుటకు కొంత విద్య కావలెను గాని, అది జ్యోతిషము కాదు.

మన నగరముతో సంబంధము గల ఉదాహరణమునే తీసికొందము. అది ఫోను కాదు, పలక. కాని ఫోనుకు తోబుట్టువే. 2010 జులై 22న అప్పటి కేంద్ర మానవవనరుల మంత్రి కపిల్ సిబల్ 35 డాలర్ల పలక యొక్క నమూనాను ఢిల్లీలో చూపినారు. మరుసటి సంవత్సరము, 2011 అక్టోబరు 5న, ఆకాశ్ అను పేరుతో అది విడుదలైనది. తయారుచేసినది డేటావిండ్ సంస్థ. తొలి పలకల కూర్పు జరిగినది మన హైదరాబాదులో. ప్రభుత్వమునకు ఒక్కొక్కటి దాదాపు 50 డాలర్లు పడినది. దేశమందలి విద్యార్థులందరి చేతికి ఒక పలక అను ఆశ చిన్నది కాదు. నమూనాకును విడుదలకును నడుమ ఏడాదికి పైగా గడచినది. వివరపట్టిక వెలువడిన నాడు దానిని చదువనేర్చినవారికి అందలి కష్టములన్నియు ముందే కనబడినవి.

ప్రాసెసరు వేగము 366 మెగాహెర్ట్జ్. అదే యేడు వెలువడిన రెండవ ఐప్యాడ్‌లో రెండు కేంద్రములు గల 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసరున్నది. దాని వెల పదిరెట్లు కనుక ఈ పోలిక న్యాయము కాదందురు. నిజమే. కాని పాఠపు వీడియో వెలను చూచి నెమ్మదిగా నడువదు. ఎవరి పలకలోనైనను దానికి కావలసిన లెక్కలు అన్నే. తాత్కాలిక జ్ఞాపకశక్తి, అనగా ర్యామ్, 256 మెగాబైట్లు. అందులో పెద్దపాలు ఆండ్రాయిడ్ వ్యవస్థ తానే ఆక్రమించుకొనును. మిగిలిన చోటులో ఒక పుస్తకము తెరిచి, దానితోపాటు మరొక పని చేయబోయిన మొదటిది మూసికొనిపోవును. ఇది ఇరుకుగదిలో మంచము వేయవలెనన్న బల్ల బయట పెట్టవలసిన సంసారము వంటిది.

తెర విషయము ఇంకను ఆసక్తికరమైనది. ఆకాశ్ తెర ఏడు అంగుళములది, ఒత్తిడితో పనిచేయునది. ఇట్టి తెరలో రెండు పలుచని పొరలు కొద్దిపాటి ఎడముతో ఉండును. వ్రేలితో నొక్కినచోట పై పొర క్రింది పొరకు తగులును. ఆ తాకిడినిబట్టి పలక చోటును గుర్తించును. రెండవ జాతి తెర మన వ్రేలియందలి విద్యుద్గుణమును గ్రహించును. నొక్కనక్కరలేదు, తాకిన చాలును. మొదటి జాతిది చౌక; కాని గట్టిగా నొక్కవలెను, సాధారణముగా ఒక్క వ్రేలిని మాత్రమే గుర్తించును, రెండు వ్రేళ్లతో బొమ్మను పెద్దది చేయుట కుదరదు, పై పొర వెలుతురును కొంత మింగును. వివరపట్టికలో తెర జాతిని తెలుపు ఒక్క మాట చదివిన ఇవన్నియు ముందుగనే చెప్పవచ్చును. పలకను చూడనక్కరలేదు.

బ్యాటరీ 2100 మిల్లీ ఆంపియర్ అవర్లు. నాటి ఫోనుకు అది మంచి బ్యాటరీయే. ఏడంగుళముల తెరను వెలిగించుటకు రెండు మూడు గంటలు. బడి ఆరుగంటలు. ఇక వైఫై తప్ప మొబైలు సిమ్ము పెట్టు వీలు ఆ తొలిరూపమున లేదు. పల్లెటూరి కాలేజీలో వైఫై ఎక్కడిది? ఈ కొరతలను పత్రికలు వ్రాసినవి, ఇంజనీర్లు చెప్పినారు, పలకను పట్టుకొన్న విద్యార్థులును చెప్పినారు. ఊహ సరియైనదనుటకు సాక్ష్యము ప్రభుత్వమే ఇచ్చినది. 2012 నవంబరు 11న వెలువడిన ఆకాశ్ రెండవ రూపములో వేగము 1 గిగాహెర్ట్జ్, ర్యామ్ 512 మెగాబైట్లు, తెర తాకిన పలుకునది. ఎక్కడెక్కడ వేలెత్తి చూపినారో అక్కడక్కడనే సవరణ జరిగినది.

ఒక మాట మాత్రము చెప్పక తప్పదు. నాడు ఆకాశ్‌ను చూచి నవ్వినవారిలో చాలమందికి బల్లమీద కంప్యూటరున్నది. కొరతను కొరతగా చెప్పుట ఉపకారము. 35 డాలర్లలో ఇంకేమి పట్టునో లెక్కవేయక ఈసడించుట ఉపకారము కాదు. వెలను ముందు కట్టివేసి, వస్తువును ఆ కొలతలో ఇముడ్చుమన్నప్పుడు ఏదో ఒకటి బయట మిగిలిపోవును. ఏది మిగిలినదో తెలిసికొనుటయే విమర్శకుని పని.

వెలయే పొగయై కనబడిన సందర్భమును ఒకటున్నది. 2016 ఫిబ్రవరిలో నోయిడాకు చెందిన ఒక సంస్థ 251 రూపాయలకే స్మార్ట్ ఫోను ఇత్తుమని ప్రకటించినది. ముందుగా పేరు నమోదు చేసికొనుటకు జనము ఎగబడినారు. ఆ సొమ్ముకు ఫోనులోని తెర కూడ రాదని పరిశ్రమవారు వెంటనే లెక్కలు చూపినారు. పత్రికలవారికి చూపిన నమూనా మీద మరొక సంస్థ పేరు కప్పివేయబడియున్న సంగతియు బయటపడినది. అక్కడ కొరతలను జాబితా వ్రాయవలసిన అవసరమే లేకపోయినది, కొరవడినది ఫోనే.

ఇప్పుడు మరొక భేదము చెప్పవలెను. కొరతలన్నియు ఒక జాతివి కావు. 2007 జనవరి 9న ఆపిల్ సంస్థ తొలి ఐఫోనును ప్రకటించినది. అది అమ్మకమునకు వచ్చినది జూన్ 29న. ఆ నడుమ దాదాపు ఆరునెలలు లోకమంతయు దాని లోపములను ఏకరువు పెట్టినది. 3జీ లేదు, ఇతరులు తయారుచేసిన అప్లికేషన్లు చేర్చుకొను వీలు లేదు, ఒకచోటి వ్రాతను నకలుతీసి మరొకచోట అతికించుట లేదు, కెమెరా ఫొటో తీయును గాని వీడియో తీయదు. అన్నియు నిజములే. అయితే అప్లికేషన్ల కొరత 2008 జులైలోను, నకలు అతికింపుల కొరత 2009 జూన్‌లోను, కొన్నవారి చేతిలోని పాత ఫోనునందే తీరినవి. కారణము, అవి వ్రాతలోని కొరతలు. ఫోనును నడుపు ఆజ్ఞావళిని మార్చి పంపిన సరిపోవును. 3జీ కొరత మాత్రము ఆ ఫోనుకు జీవితాంతము తీరలేదు. అది లోహములో పుట్టినది. గృహప్రవేశమైన తరువాత ఇంటికి రంగు మార్చవచ్చును గాని పునాది మార్చలేము గదా. కనుక ప్రకటన చదువునప్పుడు ప్రతి లోపమును ఈ గీటురాతిమీద గీచి చూడవలెను: ఇది వ్రాతలోనిదా, లోహములోనిదా?

మూడవ జాతి కొరత ఒకటున్నది. అది ఫోనులో ఉండదు, ఊరిలో ఉండును. 3జీ గల ఐఫోను మన దేశమున 2008 ఆగస్టు 22న ఎయిర్‌టెల్, వొడాఫోన్ సంస్థల ద్వారా అమ్మకమునకు వచ్చినది. కాని ఆ ప్రైవేటు సంస్థలకు 3జీ తరంగముల వేలము జరిగినది 2010లో! పేరులోనే 3జీ పెట్టుకొన్న ఫోనును భారీ వెలకు కొన్న హైదరాబాదువాసి అంతవరకు 2జీ మీదనే నడిపినాడు. చెరువు లేని ఊరిలో పడవ కొన్నట్లు. నేడు 5జీ అని చాటుచున్న ఫోనును కొనువారును తమ యిల్లున్న వీధిలో, ముఖ్యముగా లోపలి గదిలో, ఆ సంకేతము అందుచున్నదో లేదో పొరుగువారిని అడిగి తెలిసికొనుట మేలు.

ఊహకు మిక్కిలి పని పెట్టిన ప్రకటన 2021లో వచ్చినది. ఆ యేడు జూన్ 24న రిలయన్స్ వార్షిక సభలో ముకేశ్ అంబానీ, గూగుల్‌తో కలిసి జియోఫోన్ నెక్స్ట్ అను ఫోనును తయారుచేయుచున్నామని ప్రకటించినారు. మిక్కిలి చౌకయైనదన్నారు, తెరమీది వ్రాతను చదివి వినిపించునని, ఒక భాషనుండి మరొక భాషకు మార్చునని చెప్పినారు, వినాయక చవితి నాటికి, అనగా సెప్టెంబరు 10కి, వచ్చునన్నారు. వెల చెప్పలేదు, వివరపట్టిక ఇయ్యలేదు. పొగ చాల తక్కువ. అయినను ఒక దారి ఉన్నది. చౌక అని ముందే చెప్పినప్పుడు, ఫోనులో ఖరీదైన భాగములేవో చూచి, వాటిలోనే కోత పడునని ఊహింపవచ్చును. అవి తెర, ప్రాసెసరు, జ్ఞాపకశక్తి. పైగా ఆ సంవత్సరము లోకమంతట సెమీకండక్టరు చిప్పుల కరవు. ఆ కరవే కారణమని చెప్పి విడుదలను చవితినుండి దీపావళికి వాయిదా వేసినారు. నవంబరు 4న ఫోను వచ్చినది. ర్యామ్ 2 గిగాబైట్లు, నిల్వచోటు 32 గిగాబైట్లు, తెర 5.45 అంగుళములు, బ్యాటరీ 3500. జ్ఞాపకశక్తిలో కోత అనుకొన్నది అట్లే జరిగినది. వెల ఐదువేల లోపుండునని తలచిన పలువురి ఊహ మాత్రము తప్పినది. అది 6,499 రూపాయలు.

ఆ 32 గిగాబైట్లలో వ్యవస్థ తన పాలు తీసికొనును. పెండ్లి ఫొటోలు, వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చు శుభోదయములు మిగిలినది నింపును. అదనపు కార్డు పెట్టుకొనుటకు చోటుండుట మంచిదే. ర్యామ్‌కు ఆ చికిత్స లేదు. అప్లికేషన్లు ప్రతి మార్పుతోను పెద్దవగును, ఫోను మాత్రము పెరుగదు. కొన్ననాడు చాలిన చొక్కా పిల్లవానికి రెండేండ్లకు బిగుతగును. ఇక్కడ పిల్లవాడు పెరుగుట మన చేతిలో లేదు.

వాయిదాల లెక్కను చూడుడు. నిజమైన కొరత అక్కడ తెలియును. ముందుగా 1,999 రూపాయలు, దానిపై 501 రూపాయల రుసుము, మొత్తము 2,500. తరువాత అన్నిటికన్న చిన్న పథకములో నెలకు 300 చొప్పున 24 నెలలు, అనగా 7,200. కలిపిన 9,700 రూపాయలు. రొక్కపు వెలకన్న 3,201 అధికము. అందులో నెలకు 5 గిగాబైట్ల డేటా, 100 నిమిషముల మాటలు చేరియున్నవి కనుక ఇదంతయు వడ్డీ యనుట అన్యాయము. కాని ఒక గంట వీడియో పాఠమునకు నాణ్యతనుబట్టి అరగిగాబైటు ఖర్చగుననుకొన్నను, 5 గిగాబైట్లకు నెలకు పది పాఠములు. అమీర్‌పేట విద్యార్థికి అది మూడు నాలుగు దినముల బత్తెము. మిగిలిన దినములకు మరల కొనవలెను. ఫోనులో ఏ తప్పును లేదు. కొరత కాగితములో ఉన్నది. 2022 అక్టోబరు 1న దేశమున 5జీ సేవలు మొదలైనవి. 24 వాయిదాలలో సగమైనను తీరకముందే ఈ 4జీ ఫోను వెనుకటి తరమునకు చేరినది.

కెమెరాను గురించి ఎక్కువ చెప్పను. మెగాపిక్సెళ్ల అంకె పెద్దదైనంతమాత్రమున ఫొటో మంచిదగునని తలచుట, గిన్నెల లెక్కనుబట్టి వంట రుచి చెప్పుట వంటిది. వెలుతురును పట్టు ఫలకము పరిమాణము అడుగవలెను. చౌక ఫోను ప్రకటనలలో ఆ వివరము తరచు కానరాదు. చెప్పని మాటయు ఒక పొగయే.

వ్యవస్థకు మార్పులు ఎన్నేండ్లు పంపుదురను వాగ్దానమును మాత్రము తప్పక వెదకవలెను. 2023 అక్టోబరులో గూగుల్ తన పిక్సెల్ 8కును, 2024 జనవరిలో శాంసంగ్ తన ఎస్24కును ఏడేండ్లని ప్రకటించినవి. అవి ఖరీదైన ఫోనులు. చిల్లర వెలకు వచ్చు ఫోనులకు ఈ గడువు సాధారణముగా తక్కువ. కొన్నిటికి ఆ మాటయే ఉండదు. బ్యాంకు, వాట్సాప్ వంటివి పాత వ్యవస్థలను క్రమముగా విడిచిపెట్టుచుండును. 2023 అక్టోబరు 24 నుండి ఆండ్రాయిడ్ 5కు ముందటి ఫోనులలో వాట్సాప్ పనిచేయుట మానినది. చెడిపోని ఫోను పనికిరాకపోవుట ఇట్లే.

మా వృత్తిని బట్టి ఒక చిన్న పక్షపాతము: కొత్త ఫోను పట్టికలో నేను ముందు వెదకునది ఎఫ్.ఎం. రేడియో. ఇంటర్నెట్ ద్వారా రేడియో వినవచ్చును గదా యందురు. తుపాను వేళ, వరద వేళ మొబైలు గోపురములు మూగవోయినప్పుడు ఆ దారి మూసికొనిపోవును, ఎఫ్.ఎం. తరంగము డేటా అడుగదు. ఫోనులలో ఎఫ్.ఎం. సౌకర్యమును తీసివేయరాదని, ఉన్నదానిని అణచిపెట్టరాదని కేంద్ర ప్రభుత్వము 2023లో తయారీదారులకు సూచన పంపినది. చెవికి పెట్టుకొను తీగయే దానికి ఏరియలు. తీగకు రంధ్రమే లేని ఫోనులో రేడియో ఉండునను ఆశ సన్నగిల్లును. పట్టికలో ఒకదాని లేమిని చూచి మరొకదాని లేమిని ఊహించుటకు ఇది మంచి ఉదాహరణము.

తుదకు మన లిపి. ఆకాశ్ తొలిరూపములో నడచినది ఆండ్రాయిడ్ 2.2. మూల ఆండ్రాయిడ్ వ్యవస్థకు తెలుగు లిపి వచ్చినది 2012లో వెలువడిన 4.1తో. అంతకుముందు, తయారీదారు ప్రత్యేకముగా ఏర్పాటు చేసిననే తప్ప, తెలుగు వ్రాతకు బదులు తెరమీద ఖాళీ డబ్బాలు కనబడెడివి. హైదరాబాదులో కూర్చిన పలకకు ఆ మూలవ్యవస్థ తెలుగు నేర్పి పంపలేదు! వ్యవస్థ అంకెను చూచినవారికి ఇదియు ముందే తెలియవలసిన సంగతి. అయితే నాడు దానిని ప్రాసెసరు వేగమంత పెద్ద కొరతగా ఎంచినవారు అరుదు.

ఏ పట్టికయు చెప్పలేని కొరతయు ఒకటి మన లిపినుండియే బయటపడినది. 2018 ఫిబ్రవరిలో, ఐఫోనుకు ఒక తెలుగు అక్షరమును సందేశముగా పంపిన ఆ అప్లికేషన్ కూలిపోవుచున్నదని లోకమంతట గగ్గోలు పుట్టినది. ఆ అక్షరము ‘జ్ఞా’. జకారము, దాని క్రింద ఞకారపు ఒత్తు, దీర్ఘము. వీటి నడుమ అక్షరములు కలియకుండ నిరోధించు ఒక అదృశ్య సంకేతము చేరినప్పుడు, దానిని ఏ రూపమున గీయవలెనో తెలియక వ్యవస్థ తడబడినది. ఫిబ్రవరి 19న ఆపిల్ సవరణ పంపినది. ఆ ఫోనుల వెల, వేగము, తెర, కెమెరా, అన్నియు ఉత్తమములే. ఎంతటి తార్కికుడైనను విడుదలకు ముందు ఈ నిప్పును ఊహింపలేడు, పొగ లేదు.

కాబట్టి ప్రకటననాడు పట్టిక చదివి లెక్కలు వేసికొన్నవారు, ఫోను పంజగుట్ట అంగళ్లలో నమూనాగా దిగిన తరువాత ఒక్కసారి వెళ్లి, తెలుగు కీబోర్డు తెరిచి ‘జ్ఞానము’, ‘లక్ష్మి’, ‘స్త్రీ’, ‘స్వాతంత్ర్యము’ అని వ్రాసి చూడుడు. ఒత్తులు క్రింది వరుసమీద పడకుండ, గుడులు తెగకుండ నిలిచినవేమో గమనింపుడు. చదివి వినిపించు సౌకర్యమున్నదని చెప్పిన ఫోనైనచో ఒక తెలుగు వార్తను చదివించుడు. వార్తలు చదువుటకు వచ్చినవారిని మేము పరీక్షించునప్పుడు అంకెల దగ్గరనే ఎక్కువమంది తడబడుదురు. ‘రూ. 2,500’ అని వ్రాసియుండగా అది రెండువేల ఐదువందల రూపాయలని చదువునో, ‘రూ చుక్క రెండు కామా ఐదు సున్న సున్న’ అని చదువునో విన్న తరువాతనే ముందు కట్టవలసిన ఆ సొమ్ము అంగడివాని చేతికీయుడు.